శివరాత్రి వారం హాలు మాకివ్వండి

మా ఊరి సినిమా హాలు భాగస్వాములందరికీ,

నమస్కారాలండి. హాలు తీసేస్తున్నారన్న కబురు నాకు మీ నోటి వెంట రాలేదు. జాకెట్ల కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ చెప్పింది. వాళ్ళమ్మాయికి వైశాఖంలో ముహూర్తం పెట్టారట. మండపం ఎక్కడండీ అనడిగాను. "ఇంకెక్కడమ్మా, మన సినిమా హాలేగా. అప్పటికి ఏసీ ఫంక్షన్ హాలైపోద్దంట, అడ్వాన్సు కూడా ఇచ్చేశాం" అంది. టేపు ఆవిడ భుజం మీద పెట్టి, ఎంత వచ్చిందో మర్చిపోయాను. మళ్ళీ మొదట్నుంచీ కొలవాల్సొచ్చింది.

తీసెయ్యొద్దని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆటకి పన్నెండు మంది వస్తే ఏసీ మాట దేవుడెరుగు, ఫ్యాన్లకయ్యే కరెంటు కూడా రాదు. రెడీమేడ్ జాకెట్లు వచ్చాక నా కొట్లో ఒక మిషను మీద దుప్పటి కప్పేసినదాన్ని, గిరాకీ పడిపోవడమంటే ఏమిటో నాకొకరు చెప్పక్కర్లేదు. మీ ఆస్తి, మీ లెక్క, మీ ఇష్టం.

అడిగేది ఒక్కటే. సంక్రాంతి సినిమాలు దిగిపోయాక, కుర్చీలు పీకే ముందు, శివరాత్రితో ముగిసే ఒక్క వారం మాకివ్వండి. ఏమేం వెయ్యాలో మమ్మల్ని చెప్పనివ్వండి. మేమంటే ఎవరో కాదు, తెర ముందు నేల మీద కూచుని చూసే ఆడవాళ్ళం, ఆడవాళ్ళ నేలవాళ్ళం.

ఆఖరాటగా ఎవరో హీరో పాత సినిమా మళ్ళీ వేస్తారని కుర్రాళ్ళు అనుకుంటుంటే విన్నాను. పోయినేడు అలాంటిదే ఒకటి వేశారు కదండీ. నేనూ వెళ్ళాను, ఆ సినిమా నాకూ ఇష్టమే (పేరు చెప్పను, చెబితే నా కొట్టు అద్దం మిగలదు). టైటిల్స్ దగ్గర్నుంచి శుభం కార్డు దాకా ఒక్క మాట వినపడితే ఒట్టు. పాటొచ్చిందా, సరే, ఎగరాల్సిందే. తల్లి ప్రాణం పోయే సీనుకి కూడా కాయితం ముక్కలు ఎగరేస్తే ఎలాగండి? చివర్లో నలుగురు స్టేజీ ఎక్కి, తెర ముందుండే ఎర్ర మఖమల్ పరదా పట్టుకుని ఊయల ఊగారు. అంత గోలలోనూ బట్ట చిరిగిన చప్పుడు నా చెవిన పడింది. వృత్తి అలాంటిది. ఆ రోజునుంచీ పరదాని మూటలా చుట్టి ఓ పక్కకి కట్టేశారు. ఘంటసాల 'నమో వెంకటేశా' పాడుతుంటే రంగురంగుల లైట్ల మధ్య ముడతలు ముడతలుగా పైకి లేచేది, ఇప్పుడు దూలానికి ఉరేసుకున్నట్టు వేలాడుతోంది.

కుర్రాళ్ళ మీద కోపం లేదు లెండి. వాళ్ళ వయసులో నేనూ ఈల వెయ్యాలని చాలా ప్రయత్నించాను, రాలేదు.

మీ హాలు గురించి మీకే చెబుతున్నానని ఏమీ అనుకోకండి. ఆడవాళ్ళ నేల మీరు చూసుండరు, మగవాళ్ళకి అటు ప్రవేశం లేదు కదా. వేరే గుమ్మం, వేరే టిక్కెట్టు కిటికీ, నడుమెత్తు అడ్డుగోడ. చాప తెచ్చుకుంటే చాప, లేకపోతే కొంగు. చలికాలం వచ్చిందంటే ఇంటర్వెల్ తర్వాత కాళ్ళ కిందంతా తేగల పీచే. చంటిపిల్ల ఏడిస్తే తల్లి లేచేది కాదు, పిల్ల చేతులు మారేది. ఎవరి పిల్ల ఎవరి ఒళ్ళో నిద్రపోయిందో సినిమా అయ్యాక వెతుక్కునేవాళ్ళం.

నేను ఆ నేల మీద కూచుని చూసిన మొదటి సినిమా ముత్యాల ముగ్గు. 1975లో వచ్చిందది. మనది సి సెంటరు, పట్నాల్లో ఆడి ఆడి గీతలు పడ్డాకే బాక్సు మన గుమ్మం తొక్కేది, కాబట్టి నేను చూసేసరికి మరుసటేడు అయింది. నాకు తొమ్మిదేళ్ళు. అప్పట్లో మనకీ పక్కూరి హాలుకీ కలిపి ఒక్కటే ప్రింటు, గుర్తుందా అండి? అక్కడ ఒక రీలు ఆడగానే కుర్రాడు డబ్బా సైకిలు క్యారేజీకి కట్టుకుని కాలవగట్టు మీద తొక్కుకుంటూ వచ్చేవాడు. ఆ రోజు వాన. భర్త అనుమానపడి, కడుపుతో ఉన్న భార్యని వదిలేశాడు. రీలు అయిపోయింది. తర్వాతి రీలు రాలేదు. లైట్లు వేశారు. ముప్పావుగంట.

ఆ ముప్పావుగంటలో ఆడవాళ్ళ నేలలో కోర్టు పెట్టారు. మొగుడిది తప్పని కొందరు, మావగారు గట్టిగా నిలబడాల్సిందని కొందరు. మా వీధిలో ఒక ముసలావిడ, ఆవిణ్ణీ మొగుడు వదిలేశాడని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది, ఒక్క మాటంది: "ఆడొచ్చి పిలిచినా ఎల్లకూడదే అది." ఎవరూ మాట్లాడలేదు. తడిసి ముద్దైన కుర్రాడు డబ్బాతో వచ్చాడు. లైట్లారిపోయాయి. చివర్లో మొగుడూ పెళ్ళాలు కలిసినప్పుడు హాలంతా చప్పట్లు, నేను మాత్రం ఆవిడ వైపు చూశాను. ఆవిడ తెరకేసి చూడటం లేదు, కొంగుతో తేగ పీచు దులుపుకుంటోంది.

అందుకే నా మొదటి ఓటు దానికి. రావు గోపాలరావు కంట్రాక్టరు అందరికీ గుర్తే. 'కలాపోసన' అనే మాట ఈ జిల్లాల్లో వాడని ఇల్లుండదు. ఆ మాటల రికార్డులు పెళ్ళిళ్ళలో మైకుసెట్టువాళ్ళు పాటలకంటే ఎక్కువ వేసేవాళ్ళు. ఇషాన్ ఆర్యకి ఆ సినిమా ఫొటోగ్రఫీకే జాతీయ అవార్డు ఇచ్చారు. బాపు గారు పుట్టింది నరసాపురం, రమణ గారిది ధవళేశ్వరం. గోదారికి అటొకరూ ఇటొకరూ. కానీ నేను వెయ్యమంటున్నది వీటన్నిటికీ కాదండి. ఉత్తర రామాయణాన్ని చీరా జాకెట్టూ కట్టించి మన ఇళ్ళలోకి తెచ్చారు వాళ్ళిద్దరూ. ఆ కోర్టు మళ్ళీ పెడితే ఈనాటి ఆడపిల్లలు ఏం తీర్పు చెబుతారో వినాలని ఉంది. కావాలంటే మధ్యలో ఒక పావుగంట ఆపండి.

మాయాబజార్ గురించి నేను చెప్పేదేముంది. 1957లో వచ్చింది, నేను పుట్టకముందే పాతది. మా చిన్నప్పుడు శివరాత్రి జాగారానికి రాత్రంతా ఆటలు వేసేవారు కదా, రెండో ఆట అయ్యాక మూడోదిగా, తెల్లారగట్ల, దాన్ని వేసేవారు. గుళ్ళో ఉపవాసం ఉన్నవాళ్ళంతా హాల్లో వివాహ భోజనం చూడ్డం. ఎస్వీరంగారావు ఆ లడ్లు అలా తింటుంటే, పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా ముట్టని మా నాయనమ్మ "నెమ్మదిగా తినరా నాయనా" అంది తెరతో. పాండవులు ఒక్కసారైనా కనిపించని భారతకథ అది. నాకైతే పెద్దయ్యేదాకా ఆ సంగతే తట్టలేదు. తట్టనివ్వకుండా చేశారు తీసిన కె.వి.రెడ్డి, మాటలు రాసిన పింగళి కలిసి.

అందరూ రంగారావుని అంటారు, నా దృష్టిలో మాయాబజార్ సావిత్రి సినిమా. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడి వేషం వేసింది ఆ తల్లి. నడకలో మగతనం, అందులోనే మళ్ళీ ఆడవేషం మర్చిపోతానేమోనన్న కంగారు. పదిసార్లు చూశాను, పదిసార్లూ చీర కట్టుకున్న రంగారావే కనిపించాడు. మా ఇంట్లో ఇప్పటికీ కంబళిని గింబళి అనే అంటాం. మా మనవడు అదే అసలు మాటనుకుని బళ్ళో చెప్పి నవ్వులపాలయ్యాడు.

ఒక్క మనవి. 2010లో రంగులద్దిన ప్రింటు తేవద్దండి. నలుపు తెలుపే కావాలి. ఆ పని చేసినవాళ్ళ కష్టాన్ని తప్పుపట్టను. కానీ కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే 'లాహిరి లాహిరి' పాటలో వెన్నెలని నలుపు తెలుపుల్లోనే పుట్టించాడు. దానికి రంగేస్తే పట్టుచీర మీద ప్రింటు వేసినట్టుంది నాకు. శివరాత్రి రాత్రి, మూడో ఆటగా, తెల్లారగట్ల, పాతకాలంలాగే. అది ఆఖరాట కావాలి. మిగతా వరస మీ ఇష్టం.

మా అమ్మ ఉంటే మూగ మనసులు అడిగేది. అది 1964. మా ఇంట్లో దాని మీద పెద్ద గొడవే ఉండేది. మా పిన్నమ్మలంతా అమ్మాయిగారి కోసం ఏడిచేవాళ్ళు. గోపి, అమ్మాయిగారు గోదాట్లో కలిసిపోతారు, మళ్ళీ పుట్టి మళ్ళీ కలుస్తారు, ఎంత ప్రేమో అని. మా అమ్మ మాత్రం గోపి మీద మనసు పడ్డ గౌరి పక్షం. "చచ్చినోళ్ళకి ఇంకో జన్మ ఉంది, గౌరికేముందే? ముసల్దై గట్టు మీద కూచుని వాళ్ళ కథ చెప్పుకోవడమే గదా" అని ముక్కు చీదేది. ఆదుర్తి సుబ్బారావు రాజమండ్రివారు, గోదారి పడవ సంగతీ గట్టు సంగతీ తెలిసినవారు. హిందీలో 'మిలన్' అని తీస్తే అక్కడా గౌరి వేషం జమునకే ఇచ్చారు, దానికి ఫిల్మ్‌ఫేర్ అవార్డూ వచ్చింది. ఆ కబురు విని మా అమ్మ నాలుగిళ్ళకి చక్కెర పంచిందట. ఇది మధ్యాహ్నం ఆటగా వెయ్యండి. ముసలాళ్ళు రాత్రి రాలేరు.

నవ్వుల దగ్గరికొద్దాం. జంధ్యాల నరసాపురంలో పుట్టారు. ఆయన అహ నా పెళ్ళంట (1987) పేరు మాయాబజార్ పాటలోదే, కాబట్టి ఈ రెండూ ఒకే వారంలో పడటం ధర్మం. కోట శ్రీనివాసరావు దూలానికి కోణ్ణి వేలాడదీసి దాన్ని చూస్తూ ఒట్టన్నం తినే సీనుకి మీ హాల్లో ఒకాయన నవ్వి నవ్వి పొలమారి, బయట కొళాయి దగ్గరికి మోసుకెళ్ళారు. ఆయన మా ఊరి షావుకారే. తనమీదే తీశారని కొన్నాళ్ళు నమ్మాడు. బ్రహ్మానందం గారు అంతకుముందు అత్తిలి కాలేజీలో తెలుగు చెప్పుకునేవారు, ఆ సినిమాతోనే కదా ఇంటింటికీ చుట్టమైపోయారు. కోట గారు 2025 జూలైలో పోయారు. మనూళ్ళో ఒక్క పోస్టరైనా అంటించలేదు, నాకది కష్టంగా అనిపించింది.

ఇక లేడీస్ టైలర్. దీని మీద మీకు నాకూ కాదు, నాకూ నాకే తగువు. 1986లో వచ్చింది. పసలపూడి వంశీ, కోనసీమ కాలవలు, ఇళయరాజా పాటలు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, కుట్టు నేర్చుకుంటున్నాను. తొడ మీద పుట్టుమచ్చ ఉన్న పిల్లని పెళ్ళాడితే రాజయోగమని ఎవడో చెబితే, ఆ మచ్చ కోసం ఊళ్ళో ఆడపిల్లల్ని వలలో వేసుకుంటాడు సుందరం. వాడు మంచి పనిమంతుడు, అంతకు రెండింతల బద్ధకస్తుడు. నవ్వకుండా ఉండగలరా? 'జ' భాష, బట్టల సత్యానికి హిందీ పాఠాలు, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాను. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. కొలతలకి వచ్చిన ఆడపిల్ల టైలర్ని ఎంత నమ్మి నిలబడుతుందో నాకు తెలుసు. ఆ నమ్మకం మీదే జోకు వేశారు కదా వీళ్ళు అనిపించింది. రెండేళ్ళకి నేను కొట్టు పెడితే, బోర్డు మీద 'లేడీస్ టైలర్' అని రాయించడానికి మా నాన్న ఒప్పుకోలేదు. 'స్త్రీల దుస్తులు కుట్టబడును' అని రాయించాడు. ఇప్పటికీ అదే బోర్డు.

అయినా నా వారంలో అది ఉంటుంది. తప్పులున్న చుట్టాన్ని పెళ్ళికి పిలవమా ఏమిటి? మన ఊళ్ళ యాస, ఆ ఎటకారం, పని ఎగ్గొట్టడానికి పడే పాట్లు, వీటిని అంత ఇష్టంగా చూసినవాడు వంశీ తప్ప ఇంకొకడు లేడు. ఇదే మనిషి అంతకు రెండేళ్ళ ముందు, 1984లో, సితార తీశాడు. జానకి గారికి 'వెన్నెల్లో గోదారి అందం' పాటకి జాతీయ అవార్డొచ్చింది. ఆ సినిమా మరీ అందంగా ఉంటుంది, అద్దాల బీరువాలో చీరలాగ. నాకు రోజూ కట్టుకునేదే కావాలి.

విశ్వనాథ్ గారివి ఒక్కటే వెయ్యగలమంటే శంకరాభరణం అడగను. నన్ను కొట్టకండి. నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారిది మన కొత్తపేటే, సోమయాజులు గారు ఆ పాత్రకే పుట్టారు, అన్నీ ఒప్పుకుంటాను. కానీ నాకు సాగర సంగమం (1983). ఎందుకంటే ఆ డాన్సు మాస్టారు ఓడిపోయాడు. పెద్ద వేదిక మీద ఆడాల్సినవాడు నూతి గట్టు మీద వానలో తాగి ఆడాడు. మాధవి ఇచ్చిన ఆహ్వాన పుస్తకంలో పేజీలు తిప్పుతూ తిప్పుతూ, పెద్దపెద్దవాళ్ళ మధ్య తన బొమ్మ, తన పేరు చూసుకుంటాడు చూడండి, అప్పుడు కమల్‌హాసన్ మొహం. పని తెలిసి పేరు రానివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారండి. మీ ఆపరేటరు గారు ఉన్నారు కదా, ప్రొజెక్టర్లో కార్బన్ కడ్డీలు మండించి వెలుగు తెచ్చే కాలం నుంచీ, రీలు మారేటప్పుడు ప్రేక్షకుడికి తెలియకుండా ఒక ప్రొజెక్టర్ నుంచి రెండో దానికి మార్చేవారు. ఆయన్ని పిలిచి ముందు వరసలో కూచోబెట్టి ఈ సినిమా వెయ్యండి.

మెగాస్టార్ సినిమా లేకుండా మా వారం జరగదు లెండి, మొగల్తూరు ఏటికి అవతలే కదా. జగదేకవీరుడు అతిలోకసుందరి. 1990 మే 9న విడుదల. ఆ తేదీ మన దగ్గర ఎవరికీ సినిమా వల్ల గుర్తుండదు, తుపాను వల్ల గుర్తుంటుంది. పెద్ద పట్నాల్లో బొమ్మ పడ్డ రోజునే ఇక్కడ కొబ్బరిచెట్లు పడుతున్నాయి. మనకి వచ్చేసరికి ఎప్పటికో. శ్రీదేవి వేసుకున్న ఆ దేవకన్య గౌను కోసం ఆ ఏడు నా కొట్టు ముందు పిల్లల తల్లులు క్యూ కట్టారు. నెట్ బట్ట, తళుకులు, అట్టముక్కతో కిరీటం. ఎన్ని కుట్టానో లెక్కలేదు. ఒక పిల్లకి రెక్కలు కూడా కావాలంది. సినిమాలో రెక్కలు లేవమ్మా అంటే, "ఉంటే బాగుండేది కదాంటీ" అంది. కుట్టాను. 2025లో దాన్ని మళ్ళీ విడుదల చేశారు, త్రీడీలో కూడా. కాబట్టి ప్రింటు దొరకదని మాత్రం అనకండి.

1996 నవంబరు తుపాను ఇంకా ఘోరం. మీ హాలు రేకులన్నీ లేచిపోయి, ఒకటి మా కొట్టు వెనక కాలవలో తేలింది. కోనసీమలో కొబ్బరిచెట్టు నిలబడి ఉంటే వింతగా చూసేవాళ్ళం. కొన్ని నెలలకి కప్పు వేసి, మొదటాటగా అమ్మోరు ప్రింటు తెచ్చి వేశారు. అప్పటికి సినిమా వచ్చి ఏడాది దాటింది. తీసిన కోడి రామకృష్ణ గారిది పాలకొల్లు. గ్రాఫిక్కులంటే ఏమిటో మాకు చూపించిన సినిమా అది. రమ్యకృష్ణ అమ్మవారై లేచేసరికి ఆడవాళ్ళ నేలలో ముగ్గురికి పూనకం వచ్చింది. ఇల్లు కూలి, తోట పోయి, దేవుణ్ణి తిట్టుకుంటూ బతుకుతున్నవాళ్ళు. హారతులిచ్చారు, వేపమండలు పట్టుకున్నారు, కొబ్బరికాయ కొడదామంటే ఊళ్ళో కాయ లేదు. సినిమా గొప్పదా కాదా అని పండితులు తేల్చుకోనీండి. ఆ రోజు మాకది కావలసొచ్చింది.

శివ గురించి నాకేమీ తెలియదు. మా తమ్ముణ్ణడిగితే వేరే ఉత్తరం రాయాలి. 1989లో అది చూసొచ్చి, సైకిలు చైను పీకడానికి గంటసేపు తంటాలుపడి, చెయ్యి కోసుకుని, సైకిలు పాడుచేసి నాన్న చేత తిన్నాడు. తెరమీద నాగార్జునకి రెండు క్షణాల్లో ఊడొచ్చింది. కొత్తగా 4కె చేసి 2025 నవంబరులో విడుదల చేశారు కాబట్టి అదీ సులువే. కుర్రాళ్ళకి శుక్రవారం రాత్రి ఆట ఇచ్చేద్దాం. పిల్లలకి ఆదివారం పొద్దున ఆదిత్య 369. 1991లోనే మనవాళ్ళు టైమ్ మిషను ఎక్కి కృష్ణదేవరాయల దగ్గరికీ, 2504వ సంవత్సరానికీ వెళ్ళొచ్చారంటే మా మనవడు నమ్మడం లేదు. సింగీతం గారివే పుష్పక విమానం కూడా వేస్తే మంచిది. అందులో ఒక్క మాట ఉండదు, అభిమానులు ఎంత గోల చేసినా నష్టం లేదు.

దెయ్యాల సినిమా వద్దు. రాత్రి పూట ఇంటికి కాలవగట్టు మీదే నడవాలి.

కొత్తవాటిలో రంగస్థలం (2018) ఒక్కటి. మట్టపర్రు సుకుమార్ తీశాడు. ఊరంతా హైదరాబాదులో సెట్టు వేశారట, అయినా చెవుడున్న చిట్టిబాబు ఆ సందుల్లో నడుస్తుంటే ఇది మా రామాలయం వీధే అని మా పక్కింటావిడ వాదించింది. ఆవిడతో ఒప్పుకోవడమే మేలు.

చూశారా అండి, నరసాపురం, ధవళేశ్వరం, పాలకొల్లు, కొత్తపేట, పసలపూడి, మొగల్తూరు, మట్టపర్రు. నేను వెతికి ఏరింది కాదు, రాస్తుంటే వచ్చేశాయి. కుమారదేవం దగ్గర గోదారి గట్టున సినిమా చెట్టని ఒక నిద్రగన్నేరు ఉండేది, దాని నీడన ఎన్ని పాటలు తీశారో. 2024 ఆగస్టులో అది కూలిపోతే టీవీలవాళ్ళు, పెద్దవాళ్ళు అందరూ వచ్చి చూశారు, మళ్ళీ చిగురింపజేయడానికి ప్రయత్నాలూ చేశారు. చెట్టు కోసం వచ్చారు, సంతోషమే. మన హాలు కోసం ఎవరూ రారని నాకు తెలుసు. రావాలని కూడా లేదు. మనమే ఉంటే చాలు.

డబ్బు సంగతి. హక్కులున్న కంపెనీకి కట్టాలి, డిజిటల్ కాపీ తెప్పించాలి, ఊరికే రాదని తెలుసు. మా డ్వాక్రా సంఘాలు ఈ చుట్టుపక్కల నాలుగున్నాయి, మాట్లాడాను. మధ్యాహ్నం ఆటకీ మొదటాటకీ కలిపి రోజుకి నూట యాభై టిక్కెట్లు ముందే డబ్బు కట్టి తీసుకుంటాం. శివరాత్రి రాత్రికి హాలు నింపే పూచీ మాది. ఉపవాసం ఉన్నవాళ్ళకి పళ్ళు, పాలు మేమే తెచ్చుకుంటాం, మీ క్యాంటీనుకి అడ్డం రాం. మరుగుదొడ్డికి తలుపు గడియ మాత్రం పెట్టించండి. మూడేళ్ళుగా ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట కాపలా ఉంటున్నాం.

ఇంకొకటి. ఆ పరదా. ఆఖరి వారంలోనైనా 'నమో వెంకటేశా'కి పైకి లేవాలి. చిరుగు ఎక్కడిదాకా వచ్చిందో కింద కూచుని చూస్తే సరిగ్గా తెలియడం లేదు, కానీ కుట్టు దగ్గరే చిరిగింది, బట్ట పోలేదని నా అనుమానం. మఖమల్ నా మిషను మీద నడవదు, చేత్తోనే కుట్టాలి, మూడు నాలుగు రోజుల పని. దారం నాది, కూలి వద్దు. దింపడానికి ఇద్దరు మనుషుల్ని ఇస్తే చాలు, ఎత్తున నిచ్చెన ఎక్కడం నా మోకాళ్ళ వల్ల కాదు.

కొలతకి ఏ రోజు రమ్మంటారో కబురు చెయ్యండి. పొద్దున పదింటికి ముందైతే నాకు వీలు.

ఇట్లు,
హాలు ఎదురు సందులో,
లేడీస్ టైలర్